లేని మందకు కాపరి

తలుపు పక్కన మేకుకు మూడు తాళంచెవులు వేలాడుతుంటాయి. మూడూ ఒకే తాళానివి. ఒక్కోదానికి ఒక్కో జింక కొమ్ము ముక్క కట్టి ఉంటుంది. హల్వార్ చూడకుండానే తనది తీసుకుంటాడు. దాని కొమ్ము ముక్కకు ఒక పగులు ఉంది, అది బొటనవేలికి తెలుసు. చెవిని చొక్కా జేబులో వేసుకుని, ఫ్లాస్కు మూత మరోసారి బిగించి, తుపాకీ భుజానికి తగిలించుకుని బయటికొచ్చాడు. వంటింట్లో రేడియో మాత్రం మోగుతూనే ఉంది. దాన్ని ఎప్పుడూ ఆపడు. సాయంత్రం తలుపు తీసేసరికి లోపల ఎవరో మాట్లాడుతుంటే బాగుంటుందని కాదు, ఆపి మళ్ళీ పెడితే స్టేషను పోతుందని. ఎవరైనా అడిగితే అలా చెబుదామనుకున్నాడు. ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

జూన్ చివరికొచ్చినా కొండ మీది రోడ్డుకు రెండు పక్కలా మంచు మురికి గోడలా నిలబడే ఉంది. హల్వార్ కారు నెమ్మదిగా నడుపుతాడు, ఎడమ కిటికీ దించి, తల బయట పెట్టి. చలిగాలికి ముక్కు చివర చర్మం ఏటా ఊడి ఏటా వస్తుంటుంది. అరవైకి దగ్గరపడ్డ మనిషి, పొడుగు. మోకాళ్ళు మడవాల్సి వచ్చినప్పుడల్లా ఆ పొడుగు మీద విసుక్కుంటాడు. వంతెన దగ్గర కారు ఆపి దిగుతాడు, రోడ్డు అంచు పట్టుకుని నడుస్తాడు, మంచులో అడుగుజాడల కోసం చూస్తాడు. నక్క ఉంటుంది. కుందేలు ఉంటుంది. నగరం నుంచి వచ్చినవాళ్ళ కుక్క ఉంటుంది. జింక ఉండదు. ఉండకూడదు. అందుకే అతనికి జీతం.

ఒకప్పుడు రోడ్డుకు ఉత్తరాన ఉన్న ఈ కొండంతా రెయిన్‌డీర్ జింకలు తిరిగేవి. మంద కదిలితే వాలు మొత్తం జారుతోందా అనిపించేది. ఒక చలికాలం చివర్లో ఒక ఆడజింక మంచులో నిలబడలేక కూలబడింది. తల పరీక్షకు పంపితే చిక్కిపోయే జబ్బని తేలింది. దానికి మందు లేదు. అది ఉమ్మిలో ఉంటుంది, పెంటికల్లో ఉంటుంది, మట్టిలో ఉంటుంది. జింక చచ్చినా మట్టిలో అది చావదు. రోడ్డుకు దక్షిణాన ఉన్న మంద ఇంకా ఆరోగ్యంగానే ఉంది, దాన్ని కాపాడాలంటే ఇటున్న మంద మొత్తాన్నీ తీసెయ్యాలి అన్నారు వన్యప్రాణుల ఆఫీసువాళ్ళు. ముందు ఆ పని వేటగాళ్ళకే అప్పజెప్పారు. అప్పటిదాకా జట్టుకు ఇన్నే అని, పాలిచ్చే తల్లిని ముట్టుకోవద్దని నియమాలు పెట్టిన ఆఫీసే ఆ ఏడు, కనిపించినదల్లా కొట్టండి, తలలు మాత్రం తెచ్చి ఇవ్వండి అంది. మిగిలినవాటిని చలికాలంలో ప్రభుత్వ తుపాకులు ముగించాయి. ఆ తర్వాత కొండను ఖాళీగా ఉంచడం మొదలైంది. కొన్నేళ్ళు ఒక్క జింకా అడుగుపెట్టకపోతే, అప్పుడు వేరేచోటి నుంచి ఆరోగ్యమైనవాటిని తెచ్చి వదులుతారట.

ఆ కొన్నేళ్ళూ కొండ ఖాళీగా ఉండేలా చూడటమే హల్వార్ ఉద్యోగం.

వేటజట్టు నలుగురిది: హల్వార్, ఐలిఫ్, ఓనుంద్, షూర్. వాళ్ళ తండ్రులు నలుగురూ కలిసి కొండ మీద ఒక గుడిసె కట్టారు, నాలుగు తాళంచెవులు చేయించారు. కొమ్ము ముక్కలు చెక్కింది ఐలిఫ్. మంద పోయిన ఏడు ఓనుంద్ తుపాకీ ఎత్తనన్నాడు. పాలిచ్చేదాన్ని కొట్టి సంపాదించే పేరు తనకొద్దన్నాడు. రెండేళ్ళకు గుండె ఆగి పోయాడు. అతని భార్య తాళంచెవిని కవర్లో పెట్టి హల్వార్ పోస్టు డబ్బాలో వేసి వెళ్ళింది. షూర్ కూతురి దగ్గరికి నగరం వెళ్తూ తన తాళంచెవి కూడా హల్వార్‌కే ఇచ్చేశాడు. మిగిలింది ఐలిఫ్.

ఆ లోయలో ఎవరూ ఎవరికీ ఎలా ఉన్నావని ఫోన్ చెయ్యరు. కాఫీ కెటిల్ ఎవరు తెస్తున్నారు, ఏ రోజు ఎక్కుతున్నాం, తూటాలు సరిపోతాయా అని చేస్తారు. వేట ఉన్నన్నాళ్ళూ ఏడాది పొడుగునా ఫోన్లు మోగేవి, ఎందుకంటే పోయిన వేట గురించి సగం ఏడాది, రాబోయే వేట గురించి మిగతా సగం మాట్లాడుకోవచ్చు. జింకలు పోయాక నలుగురికీ ఒక విషయం అర్థమైంది. తమ మధ్య ఉన్న మాటలన్నీ జింకలవే.

ఐలిఫ్‌ది రోడ్డు మొదట్లో ఉన్న గొర్రెల కొట్టం. సాయంత్రం హల్వార్ కారు దిగి వచ్చే వేళకు అతను కంచె దగ్గర ఏదో ఒక పని పెట్టుకుంటాడు. ఆ కంచెకు అన్నిసార్లు మరమ్మతు అవసరం లేదని ఇద్దరికీ తెలుసు.

"ఏం కనిపించింది, కాపరీ?"

"ఏం లేదు."

"మంచి పనోడివి. జీతం పెంచమను."

లేని మందకు కాపరి అని ఆ పేరు పెట్టింది ఐలిఫే. మొదట్లో హల్వార్‌కు గుచ్చుకునేది. ఇప్పుడు శనివారం సాయంత్రం నుంచి సోమవారం సాయంత్రం దాకా ఆ మాట వినకపోతే నోరు ఎండినట్టుంటుంది.

ఆ రోజు రోడ్డు కింద వాగు నీరు పోయే తూము దగ్గర, మంచులో ఒక అడుగుజాడ అతని కోసమే ఆగి ఉన్నట్టు కనిపించింది. గుండ్రటి గిట్ట, వెనక రెండు చిన్న గాట్లు. అంచులు ఇంకా పదునుగానే ఉన్నాయి, ఎండకు కరగలేదు. ఒక్కటే జింక. దక్షిణం నుంచి వచ్చి, రోడ్డు దాటి, ఉత్తరానికి వెళ్ళింది.

హల్వార్ గొంతుక్కూర్చుని చాలాసేపు చూశాడు. లేచేటప్పుడు మోకాలు మీద చెయ్యి వేసుకున్నాడు. అప్పుడు ఆఫీసుకు ఫోన్ చేశాడు. ఇంగున్ అనే అమ్మాయి ఎత్తింది. జబ్బుల చదువు చదివిన పిల్ల. కొండ ఎక్కితే ముందు ఉంటుంది, మాటలో వెనక ఉంటుంది, అందుకని హల్వార్‌కు నచ్చుతుంది. జింక ఎక్కడా మూతి పెట్టకముందే అందితే వెనక్కి తరమమంది. నేల నాకాక దొరికితే మాత్రం వెనక్కి పోనివ్వొద్దంది. ఇది కొత్త సంగతేం కాదు, నియమం ఎప్పటి నుంచో అదే. కానీ చెప్పేటప్పుడు ఆమె గొంతు తగ్గింది.

"ఉప్పుబండలన్నీ కంచెల్లోనే ఉన్నాయి కదా, హల్వార్ గారూ?"

"కంచెలన్నీ నేనే వేశానమ్మా."

ఆ సంగతి చెప్పేటప్పుడు అతనికి ధైర్యమే వచ్చింది. ఎండాకాలం మొదట్లో ఏ జింకకైనా ఉప్పు కావాలి. ఈ కొండ మీద తరాల తరబడి గొర్రెలవాళ్ళు పలకరాళ్ళ మీద ఉప్పురాళ్ళు పెట్టారు. గొర్రెలు నాకాయి, జింకలు నాకాయి, వానకు కరిగి కింది మట్టంతా ఉప్పయింది. జబ్బు ఒకదాని నోటి నుంచి ఇంకోదాని నోటికి పాకింది అక్కడే. అందుకే బండలన్నిటి చుట్టూ ఎత్తు కంచె వేశారు. ఇకమీదట ఉప్పురాయి పెట్టాలంటే తక్కువ ఎత్తు చెక్కపెట్టెలో, గొర్రె తల మాత్రమే దూరే సందుల వెనక పెట్టాలన్నది కొత్త నియమం. ఈ జింక ఎక్కడికి వెళ్తుందో హల్వార్‌కు తెలుసు. తూము మీదుగా దాటినవన్నీ ఎప్పుడూ వెళ్ళేది ఐలిఫ్ తాతల ఉప్పుబండకే. వెళ్ళి, కంచె చూసి, కాసేపు చుట్టూ తిరుగుతుంది. ఈలోగా తను పై నుంచి దిగి, కేకేసి, చేతులు ఊపి, వచ్చిన దారినే పంపెయ్యొచ్చు. సాయంత్రం ఐలిఫ్‌కు చెప్పడానికి ఒక మాట దొరుకుతుంది. 'కనిపించింది. తరిమేశా.' ఇన్నేళ్ళలో మొదటిసారి.

ఆ ఆశతో అతను గట్టు మీదుగా అడ్డదారి పట్టాడు. వయసుకు తగని నడక నడిచాడు. నాచు మీద బూటు జారింది, రెండుచోట్ల వాగుల్లో మోకాళ్ళదాకా దిగాడు, ఊపిరి ఈల వేస్తున్నా ఆగలేదు. గాలి ఎదురుగా ఉంది, తన వాసన వెళ్ళదు. వేటలో ఈ దారిన ఎప్పుడూ ఐలిఫ్ ముందు, తను వెనక. ఐలిఫ్ వీపు మీద చెమట మరకను బట్టి ఎంత దూరం వచ్చామో చెప్పగలిగేవాడు. ఇవాళ ముందు ఎవరూ లేకపోవడంతో గట్టు పొడుగ్గా అనిపించింది.

గట్టు అంచున పొట్ట మీద పడుకుని కిందికి చూశాడు. కంచె చెక్కుచెదరకుండా ఉంది. గేటు మూసే ఉంది. గొర్రెలు కాస్త ఎడంగా పడుకుని నెమరేస్తున్నాయి, చెవులకు ఐలిఫ్ నీలి బిళ్ళలు. జింక కంచెకు బయటే ఉంది. తల దించి ఉంది.

గడ్డి తింటోందనుకున్నాడు. బైనాక్యులర్ కళ్ళకు పెట్టుకున్నాడు.

కంచెకు బయట, నాలుగడుగుల అవతల, చిన్న చదునురాయి మీద తెల్లటి ఉప్పురాయి ఉంది. కొత్తది. మూలలు ఇంకా అరగలేదు. మధ్య బెజ్జంలో నీలి తాడు, తాడుకు రెండు మెలికల ముడి. ఆ ముడి హల్వార్‌కు వచ్చు. పన్నెండేళ్ళ వయసులో తనూ ఐలిఫూ ఇదే బండకు ఉప్పురాయిని కర్రకు వేలాడదీసి, చెరో కొస భుజాన పెట్టుకుని మోసుకొచ్చినప్పుడు, దారిలో జారకుండా ఐలిఫ్ కనిపెట్టిన ముడి అది.

జింక నాకుతోంది. నిరుడు పుట్టిన ఆడది. చలికాలపు బొచ్చు సగం ఊడి చిరిగిన కంబళిలా వేలాడుతోంది, కింద కొత్త వెంట్రుక మెరుస్తోంది. కొమ్ములు ఇప్పుడిప్పుడే మొలుస్తున్నాయి, వాటి మీద మెత్తటి నూగు. డొక్కలు నిండుగా ఉన్నాయి. కాళ్ళు వణకడం లేదు. నాకడం, ఆగి మూతి తుడుచుకోవడం, మళ్ళీ నాకడం. కంచె సందుల్లోంచి మెడ చాచి లోపలి మట్టి అంచును కూడా నాకింది.

హల్వార్ బైనాక్యులర్ దించాడు. దాన్ని ఇప్పుడు తరిమితే, దాని నోట్లో ఏముందో అది రోడ్డు దాటి దక్షిణం మందలోకి వెళ్తుంది. రెండేళ్ళకో మూడేళ్ళకో అటు కొండ మీద ఇంకో ఆడజింక మంచులో కూలబడుతుంది. అప్పుడు అక్కడ కూడా ఎవరో ఒకడు కాపరి అవుతాడు.

తుపాకీ భుజానికి ఆనించి, జింక గొర్రెలకు దూరంగా జరిగేదాకా ఆగాడు. అది పక్కకు తిరిగి, తల ఎత్తి, గట్టు వైపు చూసింది, ఎవరో పిలిచినట్టు. హల్వార్ ఊపిరి వదిలాడు. తుపాకీ శబ్దం ఎదుటి కొండకు తగిలి తిరిగొచ్చేసరికి జింక పడి ఉంది. గొర్రెలు పరిగెత్తాయి, కొంచెం దూరం వెళ్ళి ఎందుకు పరిగెత్తాయో మరిచిపోయి, మళ్ళీ వచ్చి నిలబడ్డాయి.

చేతి తొడుగులు వేసుకుని పని చేశాడు. తల కోసి సంచిలో పెట్టి ముడి వేశాడు. ఉప్పురాయిని ఇంకో సంచిలో పెట్టాడు. దాని ఒక పక్క నాలుక చేసిన చిన్న గుంట, బొటనవేలు పట్టేంత. మొండేన్ని హెలికాప్టర్ వచ్చి తీసుకెళ్ళేది రేపు. ఈలోగా నక్కలు ముట్టకుండా కప్పాలి, అందుకు టార్పాలిన్ గుడిసెలో ఉంది.

గుడిసె తాళం మొరాయించింది. వేట రోజుల్లో ప్రతి ఆగస్టులోనూ నలుగురూ తమ తమ తాళంచెవులకు తుపాకీ నూనె రాసుకుని వచ్చేవారు. నూనె లేని చెవి తెచ్చినవాడు మొదటి రాత్రి గిన్నెలు తోమాలని ఓనుంద్ తండ్రి పెట్టిన చట్టం. ఆఫీసు చట్టాలు ఎన్ని మారినా అది మారలేదు. హల్వార్ తన చెవికి నూనె రాసి చాలా ఏళ్ళయింది. గిన్నెలు ఎలాగూ తనే తోముకోవాలి. భుజంతో తలుపు నెట్టి తెరిచాడు. నాలుగు మంచాలు, నాలుగు చెక్క కప్పులు. గాలిలో పాత పొగ వాసన. టార్పాలిన్ తీసుకుని, ఎవరినో నిద్ర లేపుతానేమో అన్నట్టు తలుపు మెల్లగా వేశాడు.

మొండేన్ని కప్పి మూలల మీద రాళ్ళు పెట్టాక ఫోన్ చేశాడు.

ఇంగున్ అంతా విని, జింక ఎక్కడ దొరికిందని అడిగింది. ఉప్పుబండ దగ్గరన్నాడు. లోపలా అంది. బయట అన్నాడు.

"బయట ఏముంది నాకడానికి?"

హల్వార్ సంచి వైపు చూశాడు. "రాయి."

"ఎవరిది?"

"గొర్రెలది."

"హల్వార్ గారూ, గొర్రెలు రాళ్ళు మోసుకురావు."

"తెలుసమ్మా. రేపు పొద్దున్న దాకా ఆగు. ముందు వాడితో మాట్లాడాలి."

ఆగుతానంది. రాయి పెట్టినవాళ్ళ మందను ఈ వేసవికి కిందికి దించాల్సి వస్తుందని, అటు తర్వాత కొండ మీద మేత అనుమతి ఉంటుందో లేదో తన చేతిలో లేదని కూడా చెప్పింది. నిజం చెప్పింది కాబట్టి ఆమె మీద కోపం తెచ్చుకోవడానికి వీల్లేకపోయింది.

వంతెన దగ్గర జబ్బు అంటకుండా మందు కలిపి ఉంచిన నీళ్ళ బకెట్లో బూట్లు ముంచి బ్రష్షుతో తోమాడు. అడుగు, పక్కలు, లేసుల సందులు. కత్తి తోమాడు. రోజూ ఏమీ అంటని బూట్లు తోముతుంటే తనకు తనే వెర్రివాడిలా కనిపించేవాడు. ఇవాళ నీళ్ళు ఎర్రబడ్డాయి.

ఐలిఫ్ కంచె దగ్గరే ఉన్నాడు. సుత్తి ఉంది, మేకులు మాత్రం ఎక్కడా లేవు.

"ఏం కనిపించింది, కాపరీ?"

హల్వార్ ఇంజన్ ఆపేశాడు. ఎప్పుడూ ఆపడు, కిటికీలోంచి మాట చెప్పి వెళ్ళిపోతాడు. నిశ్శబ్దం అయ్యేసరికి ఐలిఫ్ సుత్తి కంచె స్తంభం మీద పెట్టాడు.

"కనిపించింది."

"ఎలాంటిది?" అది వేటగాడి ప్రశ్న, దానంతటదే వచ్చేసింది.

"ఆడది. నిరుటిది. నున్నగా ఉంది."

"జబ్బు?"

"ఉన్నట్టు లేదు. మీ ఉప్పుబండ దగ్గర."

ఐలిఫ్ చూపు వెనక సీటు మీదికి, రెండు సంచుల మీదికి వెళ్ళింది. ఒకటి గుండ్రంగా, ఒకటి పలకగా ఉంది. పొట్టి మనిషి, బలమైన మెడ. ఆ మెడ నెమ్మదిగా ఎర్రబడింది.

"కంచె లోపల పెట్టలేదు కదరా."

"లేదు."

"నువ్వేసిన కంచె. దానికి మర్యాదిచ్చా. మట్టి చెడ్డదన్నారు, మట్టి లోపలే ఉంది. రాయి ఏం చేసిందిరా? కొత్త రాయి." కొండ వైపు గడ్డం ఎత్తి చూపాడు. "ఆ పెట్టెల దగ్గరికి అవి పోవట్లేదు. కంచె పట్టుకుని లోపలికి చూస్తూ అరుస్తున్నాయి, రోజంతా. వాటికి ఉప్పంటే అక్కడే. వాటి అమ్మలు అక్కడికే తీసుకెళ్ళాయి."

"దీని అమ్మమ్మలకూ ఉప్పంటే అక్కడే."

వంటింటి కిటికీలో అతని భార్య కాఫీ కెటిల్ ఎత్తి చూపించింది, ఇద్దరి ముఖాలూ చూసి దించేసింది.

"ఆ రాయి ఏదో గుంటలో పారెయ్యొచ్చుగా నువ్వు."

"పారెయ్యొచ్చు."

"ఓనుంద్ అయితే పారేసేవాడు."

"ఓనుంద్ అయితే అసలు కొట్టేవాడే కాదు," అన్నాడు హల్వార్. "పొద్దున్నే ఆఫీసుకు నువ్వే ఫోన్ చెయ్యి. నీ నోటితో చెబితే తక్కువలో పోవచ్చు."

"చెయ్యకపోతే?"

"నేను చేస్తా."

ఐలిఫ్ తల ఊపాడు, తూకం సరిచూసుకున్నవాడిలా. ఉండమని చెప్పి ఇంట్లోకి వెళ్ళాడు. హల్వార్ కారు పక్కన నిలబడ్డాడు. కాఫీకి పిలుస్తాడేమోనని ఒక్క క్షణం అనిపించింది. పిలిస్తే బూట్లు విప్పాలి, మేజోళ్ళు తడిసి ఉన్నాయి, సిగ్గుగా ఉంటుంది అని కూడా అనుకున్నాడు.

ఐలిఫ్ గడప దిగి వచ్చి, కొమ్ము ముక్క కట్టిన తన తాళంచెవిని కారు బానెట్ మీద పెట్టాడు. హల్వార్ చేతికి ఇవ్వలేదు.

"నాకు ఇక పైన పనేం లేదు," అన్నాడు. కోపంగా కాదు. గొర్రెకు జ్వరం తగ్గలేదని చెప్పినట్టు. "మంద తిరిగొచ్చినా సరే." సుత్తి తీసుకుని కొట్టం వైపు వెళ్ళిపోయాడు. కంచె దగ్గర ఇక ఎవరూ లేరు.

ఇంటికొచ్చేసరికి రేడియోలో ఎవరో రేపటి వాన గురించి మాట్లాడుతున్నారు. హల్వార్ సంచుల్ని బయటి షెడ్డులో పెట్టి తాళం వేశాడు. చేతులు రెండుసార్లు కడుక్కున్నాడు. రొట్టె కోసి, గోధుమరంగు చీజ్ ముక్క పెట్టుకుని, నిలబడే తిన్నాడు. ఆఫీసుకు రోజూ పంపే సందేశం కోసం ఫోన్ తీశాడు. రెండక్షరాలు కొట్టగానే ఫోనే మిగతాది నింపింది: ఏమీ లేదు. ఇన్నేళ్ళ అలవాటు దానికీ వచ్చేసింది. ఒక్కో అక్షరం చెరిపి, ఒకటి అని రాసి పంపాడు.

అప్పుడు జేబులోంచి రెండు తాళంచెవులూ తీసి, తనది మొదట తగిలించాడు. రెండోది వేళ్ళకు జారింది. దీపం కిందికి తెచ్చి చూశాడు. ఇన్నేళ్ళుగా గుడిసె వైపు అడుగుపెట్టని మనిషి తాళంచెవి, తుప్పు చుక్కైనా లేదు. పళ్ళ సందుల్లో దాకా నూనె ఉంది. కొత్త నూనె.

మేకుకు నాలుగూ వేలాడాయి. నాలుగోదాని కొస నుంచి ఒక బొట్టు జారి, గోడ సున్నం మీద సన్నటి గీతలా మెల్లగా కిందికి దిగుతోంది.